కాగితంపై నిలిచిన వెలుగు

మండువేసవి మధ్యాహ్నం తలుపులన్నీ మూసిన గదిలో విశ్రమించిన వారికి ఒక్కొక్కసారి ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. తలుపు చెక్కలోని సన్నని రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎదుటి గోడపై పడి, వీధిలోని చెట్లను, నడిచే మనుషులను తలక్రిందులుగా చూపుతుంది. వెలుగు సరళరేఖలో ప్రయాణిస్తుంది. కనుక చెట్టు కొమ్మ నుండి బయలుదేరిన కిరణం రంధ్రంలోంచి దూరి గోడ అడుగుభాగాన్ని చేరుతుంది. మొదలు నుండి వచ్చిన కిరణం పైభాగాన్ని చేరుతుంది. సూదిబెజ్జపు కెమెరాకు మూలసూత్రం ఇంతే. పదకొండవ శతాబ్దంలో కైరో నగరంలో నివసించిన శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ దీపాలతోను, గ్రహణకాలపు సూర్యకాంతితోను ఈ విషయాన్ని పరిశీలించాడు. తరువాతి కాలంలో రంధ్రానికి కటకాన్ని అమర్చి, గదిని పెట్టెగా కుదించి, చిత్రకారులు దానిని తమ పనికి వాడుకున్నారు. లాటిను భాషలో చీకటి గది అనే అర్థం గల కెమెరా అబ్‌స్క్యూరా అన్న పేరు దానికి స్థిరపడింది.

శతాబ్దాల పాటు ఎందరో ఆ బింబాన్ని చూశారు. కాని దానిని నిలుపుకోగలిగిన వారు లేరు. వెలుగు తొలగితే బింబమూ తొలగిపోయేది. క్షణికమైన ఆ బింబాన్ని కాగితంపై శాశ్వతంగా నిలపాలని తపించి, కృతకృత్యుడైన మేధావి విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్.

టాల్బట్ 1800 ఫిబ్రవరి 11న ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతానికి చెందిన మెల్‌బరీలో జన్మించాడు. పుట్టిన కొద్ది నెలలకే తండ్రి మరణించాడు. విల్ట్‌షైర్‌లోని లాకాక్ ఆబీ వారి వంశానికి చెందిన భవనం. పదమూడవ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసినుల మఠంగా వెలసిన ఆ కట్టడం తండ్రి మరణించేనాటికి అప్పులలో చిక్కుకొని ఉంది. తల్లి ఎలిజబెత్ విద్యావతి, కార్యదక్షురాలు. ఆమె క్రమంగా ఆస్తిని చక్కదిద్దింది. కుమారుడు 1827 నాటికి గాని ఆ ఇంట స్థిరపడలేదు.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో టాల్బట్ గణితాన్నీ, ప్రాచీన భాషలనూ అభ్యసించాడు. గ్రీకు పద్యరచనలో బహుమతి అందుకొన్నాడు. గణితంలో ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. కాంతిశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం కూడా ఆయనకు అభిమాన విషయాలే. 1831లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది. 1832 డిసెంబరులో కాన్‌స్టెన్స్ మండీతో వివాహం జరిగింది. ఆ సంవత్సరమే ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు. అన్ని విద్యలు వచ్చిన ఆ పండితునికి ఒక విద్య మాత్రం పట్టుబడలేదు. అది చిత్రలేఖనం.

1833 అక్టోబరులో దంపతులు ఇటలీలోని కోమో సరస్సును దర్శించారు. కొండల నడుమ నిండుగా పరచుకొన్న ఆ జలరాశిని చిత్రించాలని టాల్బట్ ఉవ్విళ్ళూరాడు. కెమెరా లూసిడా అనే పరికరాన్ని వెంట తెచ్చుకొన్నాడు. అందులోని పట్టకం గుండా చూస్తే ఎదుటి దృశ్యం కాగితం మీద ఉన్నట్లే తోస్తుంది. గీతల వెంట పెన్సిలు నడిపితే చాలు. కాని చూపు మరల్చగానే కాగితంపై వంకర గీతలే మిగిలాయి. సాధనం ఎంత గొప్పదైనా చేతికి నైపుణ్యం లేనిదే ఫలితం లేదని ఆయన గ్రహించాడు. లోగడ తాను వాడిన కెమెరా అబ్‌స్క్యూరా అప్పుడు మనసులో మెదిలింది. ఆ పెట్టెలోని కాగితంపై ప్రకృతి తన చిత్రాన్ని తానే గీసుకొంటే ఎంత బాగుండునన్న ఆలోచన ఉదయించింది. తన చేతకానితనాన్ని ఒప్పుకొన్న క్షణంలోనే ఆయన నూతన విద్యకు బీజం నాటాడు.

వెండి లవణాలు వెలుగు సోకితే నల్లబడతాయని రసాయన శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు. ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ ఆ గుణాన్ని ఉపయోగించి ఆకుల ఛాయలను కాగితంపైన, తోలుపైన పొందిన తీరు 1802లో ప్రకటితమైంది. కాని ఆ ఛాయలను నిలిపే ఉపాయం వారికి దొరకలేదు. వెలుగులో పెట్టి చూడబోతే కాగితమంతా నల్లబడిపోయేది. చిత్రాన్ని పుట్టించిన వెలుగే దానిని మింగివేసేది. ఫ్రాన్సులో నియెప్స్ 1820లలోనే లోహఫలకంపై ఒక దృశ్యాన్ని నిలిపినా, ఆ సంగతి లోకానికి తెలియదు.

టాల్బట్ 1834లో లాకాక్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మేలురకపు రాతకాగితాన్ని పలుచని ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టాడు. దానిపై సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని కుంచెతో పూశాడు. కాగితపు పీచులలో సిల్వర్ క్లోరైడ్ ఏర్పడింది. ఆ కాగితంపై ఆకునో, అల్లికపట్టీనో ఉంచి ఎండలో పెట్టాడు. వెలుగు తగిలిన మేర నల్లబడి, వస్తువు కప్పిన మేర తెల్లగా మిగిలింది. ఇంతలో మరొక విశేషం ఆయన కంటబడింది. ఉప్పు తక్కువగా ఉన్న చోట కాగితం త్వరగా నల్లబడుతున్నది. ఉప్పు ఎక్కువైన చోట నల్లబడడమే లేదు. కాగితాన్ని వెలుగుకు సిద్ధం చేసేదీ, చిత్రం ఏర్పడిన తరువాత వెలుగు నుండి కాపాడేదీ ఆ ఉప్పే. మోతాదులో మాత్రమే భేదం. చిక్కని ఉప్పునీటిలో ముంచిన చిత్రం ఎండకు చాలావరకు తట్టుకొంది. ముందటి వారు ఓడిపోయిన చోట టాల్బట్ గెలిచింది ఈ సూక్ష్మపరిశీలన వల్లనే.

తరువాత ఆయన ఆ కాగితాన్ని కెమెరాలో పెట్టాడు. పెద్ద పెట్టెలో వెలుగు పలుచబడి చిత్రం త్వరగా ఏర్పడలేదు. అందువల్ల రెండు మూడు అంగుళాల చిన్న చెక్కపెట్టెలను ఊరి వడ్రంగి చేత చేయించి, వాటికి కటకాలను బిగించాడు. వేసవి ఎండలో భవనం చుట్టూ వాటిని నిలిపి ఉంచేవాడు. అక్కడక్కడ నేలమీద పొంచి ఉన్న ఆ పెట్టెలకు కాన్‌స్టెన్స్ ఎలుకబోనులని వేడుకగా పేరు పెట్టింది. 1835 ఆగస్టులో ఒక బోనులో భవనపు జాలీ కిటికీ చిక్కింది. ఆ చిత్రం తపాలాబిళ్ళంత ఉంటుంది. అయినా భూతద్దంతో చూస్తే కిటికీలోని గాజుపలకలు, సుమారు రెండు వందలు, లెక్కించవచ్చునని టాల్బట్ రాసుకొన్నాడు. కెమెరాతో తీయగా నేటికీ నిలిచి ఉన్న నెగటివ్‌లలో అదే అతి ప్రాచీనమైనది.

ఆ చిత్రంలో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తారుమారై కనిపిస్తుంది. దానిని మరొక కాగితంపై ఉంచి ఎండలో పెడితే వెలుగునీడలు మరల తారుమారై సహజరూపం సిద్ధిస్తుంది. ఒక మూలం నుండి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. రాతప్రతికి అచ్చుయంత్రం ఎటువంటి మేలు చేసిందో, చిత్రానికి ఈ పద్ధతి అటువంటి మేలు చేసింది.

ఇంతటి విషయాన్ని కనుగొన్న టాల్బట్ దానిని వెంటనే లోకానికి ప్రకటించలేదు. మరింత మెరుగుపరచి వెల్లడిద్దామని భావించాడు. గణిత పరిశోధనలలో మునిగిపోయాడు. వాటికి 1838లో రాయల్ సొసైటీ పతకం లభించింది. చిత్రాల కాగితాలు మాత్రం పెట్టెలలోనే ఉండిపోయాయి. అలా మూడేళ్ళకు పైగా గడిచిపోయాయి.

1839 జనవరి 7న పారిస్ నగరంలోని విజ్ఞాన పరిషత్తులో పిడుగులాంటి వార్త వెలువడింది. నియెప్స్‌కు భాగస్వామిగా ఉండిన లూయీ డగేర్ కెమెరా బింబాన్ని శాశ్వతంగా నిలిపాడని ఫ్రాంస్వా అరాగో ప్రకటించాడు. పద్ధతి ఏమిటో అప్పుడు చెప్పలేదు. అది తన పద్ధతి వంటిదే అయితే తన ఏళ్ళ శ్రమకు గుర్తింపు లేనట్లే. టాల్బట్ హుటాహుటిన పాత కాగితాలను వెలికితీశాడు. జనవరి 25న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వాటిని ప్రదర్శించాడు. 31న రాయల్ సొసైటీలో ఆయన పరిశోధనపత్రం చదివారు. పద్ధతులు వేరని తరువాత తేలింది. డగేర్ వెండిపూత రాగిరేకుపై చిత్రాన్ని తీశాడు. అది అద్దంలా మెరుస్తూ, అతి స్పష్టంగా ఉండేది. కాని ప్రతికి ఆస్కారం లేదు. కీర్తి మాత్రం మొదట డగేర్‌నే వరించింది.

ఆ దినాలలో ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ టాల్బట్‌కు తోడ్పడ్డాడు. వెలుగు సోకని వెండి లవణాన్ని హైపో అనే రసాయనం పూర్తిగా కరిగించి తొలగిస్తుందని తెలియజేశాడు. ఉప్పు చేయలేని రక్షణను అది చేసింది. నెగటివ్, పాజిటివ్ అనే పేర్లను ఛాయాచిత్రణానికి అన్వయించినవాడు కూడా ఆయనే.

అయినా ఒక లోపం మిగిలింది. చిత్రం కంటికి కనిపించేంత నల్లబడడానికి ఎండలో చాలాసేపు పట్టేది. మనిషిని అంతసేపు కదలకుండా కూర్చోబెట్టడం సాధ్యం కాదు. 1840 సెప్టెంబరులో టాల్బట్ గాలిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ కలిపిన ద్రావణంతో ప్రయోగాలు చేస్తున్నాడు. కెమెరాలో కొద్దిసేపే ఉంచిన కాగితంపై ఏమీ కనిపించలేదు. దానిపై ఆ ద్రావణం పూయగా ఖాళీ కాగితంలోంచి చిత్రం మెల్లమెల్లగా పైకి తేలింది. విత్తనంలో చెట్టు దాగి ఉన్నట్లు, కంటికి కనిపించని బింబం కాగితంలో అప్పటికే దాగి ఉంది. ఈ గుప్తబింబాన్ని వికసింపజేసే విధానం వల్ల గంట పట్టే పని నిమిషాలలోకి వచ్చింది. గ్రీకు భాషలో సుందరమైనది అనే అర్థం వచ్చేలా టాల్బట్ దానికి కాలోటైప్ అని పేరు పెట్టాడు. తరువాత శతాబ్దానికి పైగా ఫిలిం మీద, కాగితం మీద సాగిన ఛాయాచిత్రణమంతా ఈ పునాదిపైనే నిలిచింది.

1844 నుండి 1846 వరకు ఆయన పెన్సిల్ ఆఫ్ నేచర్ అనే గ్రంథాన్ని ఆరు భాగాలుగా వెలువరించాడు. అందులోని ఇరవై నాలుగు చిత్రాలు అచ్చువేసినవి కావు. ఒక్కొక్కటి ఎండలో తయారుచేసి చేతితో అతికించినవి. తెరచిన తలుపు, దానికి వాల్చిన చీపురు వంటి సామాన్యదృశ్యానికి కూడా ఆయన చిత్రగౌరవం కలిగించాడు. పింగాణీ పాత్రల చిత్రం తీసి, అవి చోరీకి గురైతే ఇటువంటి చిత్రం న్యాయస్థానంలో సాక్ష్యం కాగలదని ఊహించాడు. కాని ఆ పుస్తకాలలోని చిత్రాలు అనేకం కాలక్రమంలో వెలిసిపోయాయి. వెలుగును నిలుపుకొనే పోరాటం అప్పటికింకా ముగియలేదు.

టాల్బట్ జీవితంలో విమర్శకు గురైన ఘట్టం పేటెంటు వ్యవహారం. 1841లో కాలోటైప్‌పై ఆయన ఇంగ్లండులో హక్కు పొందాడు. రుసుము చెల్లించనిదే ఆ పద్ధతిని వాడరాదన్నాడు. పేటెంటు వర్తించని స్కాట్లండులో హిల్, ఆడమ్‌సన్ అనే ఇద్దరు మిత్రులు స్వేచ్ఛగా ఆ కళను వికసింపజేశారు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి గాజుపలకపై చిత్రాలు తీసే కొలోడియన్ విధానాన్ని కనుగొని, ఏ హక్కూ కోరకుండా అందరికీ ధారపోశాడు. అది కూడా తన పేటెంటు పరిధిలోనిదేనని టాల్బట్ వాదించాడు. రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ అధ్యక్షుల కోరికపై 1852లో చాలావరకు హక్కులు వదులుకొన్నా, వ్యాపారార్థం తీసే రూపచిత్రాలపై మాత్రం పట్టు విడువలేదు. 1854లో లారోష్ అనే ఛాయాచిత్రకారునిపై వేసిన దావాలో కాలోటైప్ నిర్మాత టాల్బటేనని జ్యూరీ అంగీకరించింది. కాని కొత్త విధానం ఆ హక్కు కిందకు రాదని తీర్పు చెప్పింది. దాతగా నిలిచిన ఆర్చర్ 1857లో పేదరికంలో కన్నుమూశాడు. హక్కు కోరినవాడు నిందకు, కోరనివాడు లేమికి గురికావడం విజ్ఞానచరిత్రలో ఆలోచింపదగిన విషయం.

ఆ ఓటమితో టాల్బట్ కుంగిపోలేదు. వెలిసిపోని చిత్రాన్ని సాధించాలంటే దానిని ముద్రణాసిరాతో అచ్చువేయాలని తలచి, లోహఫలకాలపై ఛాయాచిత్రాలను చెక్కే విధానాలకు 1852లో, 1858లో పేటెంట్లు పొందాడు. మరొకవైపు అస్సీరియా బాణాకార లిపిని అభ్యసించాడు. 1857లో ఒకే శాసనాన్ని నలుగురు పండితులు వేర్వేరుగా అనువదించగా, అవి చాలావరకు ఏకీభవించి ఆ లిపిపఠనం నిజమని నిరూపించాయి. ఆ నలుగురిలో టాల్బట్ ఒకడు. 1877 సెప్టెంబరు 17న లాకాక్‌లో ఆయన తుదిశ్వాస విడిచాడు.

కాగితపు నెగటివ్ మన దేశానికి కూడా తరలివచ్చింది. మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడు లీనియస్ ట్రైప్ 1858లో మైనపు కాగితపు నెగటివ్‌లతో తంజావూరు బృహదీశ్వరాలయ శాసనాలను చిత్రించాడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలకు కూడా ఆ ఏడాది ఆయనే ఛాయాచిత్రాలు తీశాడు. టాల్బట్ మిత్రుడు డేవిడ్ బ్రూస్టర్ 1856 నాటి తన గ్రంథంలో కటకం లేకుండా సూదిబెజ్జంతోనే చిత్రం తీయడాన్ని గూర్చి ప్రస్తావించాడు.

నేడు కూడా ఆసక్తి గల విద్యార్థి పాత డబ్బా ఒకటి తీసుకొని, లోపల నల్లరంగు పూసి, పలుచని రేకుకు సూదితో బెజ్జం చేసి బిగించవచ్చు. బెజ్జం పెద్దదైతే చిత్రం మసకబారుతుంది. మరీ చిన్నదైతే కాంతి అంచులవద్ద వంగి మళ్ళీ మసకబారుతుంది. ఎర్రని దీపపు గదిలో ఛాయాచిత్రపు కాగితాన్ని అందులో అమర్చి, డబ్బాను కదలకుండా ఎండకు ఎదురుగా ఉంచి, బెజ్జాన్ని కొద్దిసేపు తెరవాలి. తిరిగి చీకటి గదికి వచ్చి కాగితాన్ని ద్రావణంలో ముంచినప్పుడు ఖాళీ కాగితంలోంచి ఇంటి ముంగిలి తలక్రిందులుగా తేలివస్తుంది. బొమ్మ గీయడం చేతకాని ఒక పండితుడు 1840లో తన గదిలో పొందిన ఆశ్చర్యం అప్పుడు ఆ విద్యార్థిది కూడా అవుతుంది.

ప్రశ్నలు

1. కోమో సరస్సు వద్ద టాల్బట్‌కు కలిగిన ఆలోచనను, దాని ఫలితాలను వివరించండి.
2. వెడ్జ్‌వుడ్, డేవీలు సాధించలేని దానిని టాల్బట్ ఎట్లా సాధించాడు?
3. పరిశోధనను ప్రకటించడంలో జరిగిన ఆలస్యం టాల్బట్‌ను ఎటువంటి స్థితికి గురిచేసింది?
4. టాల్బట్, ఆర్చర్‌ల మార్గాలలో ఏది సమంజసమో మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.