అర్జీ అడగని అన్నపూర్ణ

గౌతమీ వసిష్ఠలకు నడుమ, సముద్రానికి ఎగువన విస్తరించిన సారవంతమైన నేల కోనసీమ. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ ఆ నేలను మళ్ళీ రెండుగా విడదీస్తుంది. నేడు వంతెనల మీదుగా నిమిషాలలో దాటుతున్న ఈ పాయలను పందొమ్మిదవ శతాబ్దంలో పడవ మీదనే దాటవలసి వచ్చేది. వరద పోటెత్తితే పడవ కదలదు. చీకటి పడితే రేవు నిర్మానుష్యమవుతుంది. పూటకూటి ఇల్లు దొరికినా చేతిలో డబ్బు ఉంటేనే విస్తరి పడుతుంది. అటువంటి రేవుల దారిలో ఉన్న లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం దొరికే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇల్లాలే డొక్కా సీతమ్మ.

సీతమ్మ 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టే భవానీశంకరాన్ని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారట. బిరుదులు ఇచ్చేది రాజులే కాదు, ఆకలి తీరినవారు కూడా ఇస్తారు. తల్లి చిన్నతనంలోనే మరణించడంతో ఇంటి బాధ్యత సీతమ్మ మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులు ఒకసారి మండపేట మీదుగా వెళుతూ ఆ ఇంట అతిథిగా ఉన్నారనీ, ఆ బాలిక చేసిన ఆతిథ్యాన్ని చూసి ఆమెను వివాహం చేసుకోవాలని సంకల్పించారనీ చెబుతారు. జోగన్న వేదవిదుడు, భూవసతి గల రైతు.

ఇక్కడొక చిత్రమైన సంగతి ఉంది. 1832-33 ప్రాంతంలో గుంటూరు సీమను కబళించిన మహాక్షామాన్ని జనం డొక్కల కరువు అని పిలిచారు. ఆ మాటకూ ఈ ఇంటిపేరుకూ సంబంధం లేదు. అయినా కరువుకు గుర్తుగా మిగిలిన ధ్వనే మరొక తరానికి అన్నానికి గుర్తయింది.

సీతమ్మ బాల్యంలోనే, 1847 నుండి 1852 వరకు, కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగింది. కాలువలు వచ్చాయి, పంటలు పెరిగాయి. గన్నవరపు గాదెలు నిండడానికి ఆ నీరు కూడా కారణమని మరువరాదు. అయితే గాదె నిండిన ప్రతి ఇంటా పొయ్యి అర్ధరాత్రి వెలగలేదు.

మన ప్రబంధాలలో అతిథిసేవకు గొప్ప స్థానం ఉంది. వానలు పట్టిన రోజులలో కూడా వడియాలు, వరుగులు, పెరుగు సమకూర్చి అతిథులకు వడ్డించిన విష్ణుచిత్తుణ్ణి కృష్ణదేవరాయలు మనకు చూపించాడు. ఎందరు వచ్చినా వంటకు విసుగెరుగని ప్రవరుని ఇల్లాలిని పెద్దన ప్రశంసించాడు. కాని ఆ కావ్యాలలో కీర్తి యజమానిదే, ఇల్లాలు పొయ్యి చాటున ఉండిపోతుంది. గన్నవరంలో మాత్రం కీర్తి వంటింటినే వెతుక్కుంటూ వచ్చింది. బాటసారులు జోగన్న పంతులు గారి ఇల్లు ఎక్కడని కాక, సీతమ్మ గారి ఇల్లు ఎక్కడని అడిగారు. భార్య పేరుతో తన ఇంటిని జనం గుర్తించడాన్ని జోగన్న చిన్నతనంగా భావించలేదు. ఆ రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు.

వచ్చినవారి కులమేదో, ఊరేదో, నిజంగా పేదవారా కాదా అని సీతమ్మ విచారించలేదని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ మాట విలువ తెలియాలంటే ఆ కాలపు ప్రభుత్వ పద్ధతిని పక్కన పెట్టి చూడాలి. 1876-78 సంవత్సరాలలో మద్రాసు రాజధానిలో ఘోరమైన క్షామం వచ్చింది. ఆకలితో ఉన్నవారు నిజంగా ఆకలితోనే ఉన్నారా అని ప్రభుత్వానికి సందేహం కలిగింది. ఇంటికి దూరంగా ఉన్న పనులకు రావాలి, కఠినమైన శ్రమ చేయాలి, అప్పుడే సాయం. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర. ఎముకల గూడైన మనిషి రాళ్ళు మోసి తన ఆకలిని రుజువు చేసుకోవలసి వచ్చింది. గన్నవరంలో రుజువు అడగలేదు. ఆకలి లేనివాడు ఒకడు వచ్చి తిన్నా నష్టం ఒక విస్తరి మాత్రమే, ఆకలి ఉన్నవాడు వెనుదిరిగితే పోయేది ప్రాణం. ఆ లెక్క ఆమె వేసుకున్నారో లేదో కాని, నడచుకున్నది మాత్రం ఆ లెక్క ప్రకారమే.

నిత్యం వంటింటికే అంకితమైన సీతమ్మకు అంతర్వేది నరసింహస్వామిని దర్శించాలనే కోరిక ఉండేది. ఒకసారి పల్లకిలో బయలుదేరారు. దారిలో బోయీలు అలసట తీర్చుకుంటున్న చోట, గన్నవరం వైపు వెళుతున్న ఒక పెళ్ళిబృందం కూడా ఆగింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు ఓదారుస్తున్నారు. ఇంకాస్త దూరం నడిస్తే సీతమ్మ గారి ఇల్లు వస్తుందని, అక్కడ కడుపునిండా తినవచ్చని వారి ఓదార్పు. ఆ మాటలు పల్లకిలోని సీతమ్మ చెవిన పడ్డాయి. ఆమె పల్లకిని వెనుకకు మళ్ళించి, వారికంటే ముందుగా ఇల్లు చేరి, పొయ్యి వెలిగించారట. ఈ కథ కోనసీమలో ఇంటింటా వినిపిస్తుంది.

ఆమె పేరు సముద్రాలు దాటిందనడానికి మరొక ప్రతీతి ఉంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరిలో ఢిల్లీలో జరిగిన దర్బారుకు సీతమ్మకు ఆహ్వానం వచ్చిందనీ, ఆమె వెళ్ళడానికి అంగీకరించకపోవడంతో ఛాయాచిత్రాన్ని తీయించి తీసుకువెళ్ళారనీ అంటారు. అదే చక్రవర్తి పాలనలో, 1906లో, బ్రిటిష్ పార్లమెంటు బడిపిల్లల భోజనం గురించి ఒక చట్టం చేసింది. స్థానిక సంస్థలు భోజనం పెట్టవచ్చు, చెల్లించగల తల్లిదండ్రుల నుండి ఖరీదు వసూలు చేయాలి, చెల్లించలేనివారికి మినహాయింపు. ఎవరు చెల్లించలేరో తేల్చడానికి విచారణ తప్పదు. అన్నం ముందు దరఖాస్తు వచ్చి కూర్చున్నది అలాగే.

అన్నదానం వల్ల డొక్కావారి ఆస్తి క్రమంగా కరిగిందని చెబుతారు. ఆశ్చర్యపడవలసినది లేదు. దానం చేసిన కొద్దీ సంపద పెరుగుతుందని పురాణాలు చెప్పినా, పొలం లెక్కలు వేరు. అయినా ఇంటి తలుపు మూయలేదు. సీతమ్మ 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు.

ఆమె అనంతరం చాలాకాలానికి బడిపిల్లల అన్నం మన దేశంలో హక్కుగా మారింది. 1995లో ఆరంభమైన కేంద్ర పథకం కింద పలు రాష్ట్రాలలో హాజరు చూసి నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. ఆ బియ్యం ఇంటికి చేరేది కాని, మధ్యాహ్నపు ఆకలి బడిలోనే ఉండేది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలోని ప్రతి బిడ్డకు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. పేద బిడ్డకు అని కాదు, ప్రతి బిడ్డకు. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఆ భోజనం మొదలైంది. ఆదాయ ధ్రువపత్రం అక్కరలేదు, హాజరుపట్టీలో పేరు ఉంటే చాలు. పక్కన కూర్చున్నవాడు ఎందుకు ఉచితంగా తింటున్నాడో ఏ పిల్లవాడికీ తెలియవలసిన పని లేకపోయింది.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. 2025 జనవరి 4 నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా దీనిని విస్తరించింది. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలువ నీటిని దాటించే కొత్త అక్విడక్టుకు కూడా ఆమె పేరే ఉంది. ఒకప్పుడు బాటసారులు పడవ కోసం ఎదురుచూసిన ఆ నది మీదుగా ఇప్పుడు వాహనాలు ఆగకుండా సాగిపోతున్నాయి.