పిట్టల లెక్క రాసిన సలీం అలీ

పిల్లలూ! తొమ్మిదో తరగతి హిందీ పుస్తకం ‘క్షితిజ్’ చదివినవాళ్ళకు సలీం అలీ పేరు కొత్త కాదు. మెడలో బైనాక్యులర్స్, బక్కపలచని ఒళ్ళు, తెల్లటి చిన్న గడ్డం ఉన్న ఆ తాతగారి ఫోటోను మిగతావాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆయన్ని పక్షి ప్రేమికుడు అని పరిచయం చేయడం అందరికీ అలవాటైపోయింది. నాకు మాత్రం ఆ మాట చాలదనిపిస్తుంది. పక్షులంటే ఇష్టపడేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఏ పిట్ట ఎక్కడ ఉంటోంది, ఏం తింటోంది, ఎప్పుడు గూడు కడుతోంది అని జీవితమంతా రాసుకుంటూ పోయినవాళ్ళు ఎంతమంది? ఒక జాతి తగ్గిపోతోందని మనకు తెలియాలంటే, అది ఒకప్పుడు ఎంత ఉండేదో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి కదా. మన దేశంలో పక్షుల విషయంలో ఆ పని చేసినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న ముంబైలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళు వచ్చేసరికి తల్లి పోయారు. ఖేత్‌వాడీలో ఉండే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్తయ్య హమీదా బేగం పెంచారు. ఆ ఇంట్లో వేట సరదా ఉండేది. చిన్న సలీంకు కూడా ఒక ఎయిర్‌గన్ కొనిచ్చారు. ఒకరోజు దానితో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇళ్ళలో తిరిగే పిచ్చుకలకు అలా ఉండదు. ఇదేం పిట్ట అని అడిగితే మామయ్యకూ తెలియలేదు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళి కనుక్కోమని పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ అనే ఇంగ్లీషు దొర ఆ కుర్రవాడిని కసురుకోలేదు. పిట్ట పేరు చెప్పి, గాజు పెట్టెల్లో, సొరుగుల్లో దాచిన వందల పక్షుల నమూనాలు చూపించి, చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. ఇది 1908 నాటి సంగతి.

ఆ తర్వాత దారి నేరుగా సాగలేదు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి బర్మాలోని టవాయ్‌కు, అన్నగారి గనుల వ్యాపారానికి వెళ్ళారు. అక్కడి అడవుల్లో వ్యాపారం కంటే పిట్టలే ఎక్కువ కనిపించాయి. 1917లో తిరిగి వచ్చి, వాణిజ్యశాస్త్రం చదువుతూనే సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలకు వెళ్ళేవారు. 1918లో తెహ్మీనాతో పెళ్ళయింది. పక్షుల ఉద్యోగానికి ప్రయత్నిస్తే విశ్వవిద్యాలయ డిగ్రీ లేదని రాలేదు. 1926లో ముంబై ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, చూడటానికి వచ్చినవాళ్ళకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్ పని దొరికింది. రెండేళ్ళకు సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి, స్ట్రెస్‌మన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని మ్యూజియం వాళ్ళు ఆ ఉద్యోగాన్నే తీసేశారు!

ఉద్యోగం పోయిన ఆ రోజుల్లోనే మంచి పని జరిగింది. ముంబైకి దగ్గరలో, సముద్రం ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెలో కాపురం పెట్టారు. పక్కనే గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. జాషువా గారి ఖండిక చదివిన మనకు గిజిగాడి గూటి పనితనం తెలుసు. సలీం అలీ రోజుల తరబడి కూర్చుని ఆ గూటి వెనకాల జరిగే సంసారాన్ని చూశారు. మగ పిట్ట సగం గూడు అల్లి ఆపుతుంది. ఆడ పిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే ఉంటుంది, అప్పుడు మగది గూడు పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పొదుగుతుంటే మగది మరో గూడు మొదలుపెట్టి మరో జోడు కోసం చూస్తుంది. రోజూ మన కళ్ళముందు తిరిగే పిట్ట గురించి కూడా అప్పటిదాకా ఇంత సరిగ్గా ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత ఆయన సంస్థానాలకు ఒక మాట చెప్పారు: జీతం అక్కర్లేదు, శిబిరం ఖర్చులు పెట్టుకుంటే చాలు, మీ రాజ్యంలో ఉన్న పక్షులన్నిటినీ నమోదు చేసి ఇస్తాను. అలా మొదట జరిగింది మన హైదరాబాదు సంస్థానంలోనే, 1931–32లో. నిజాం రాజ్యంలో అప్పుడు తెలంగాణతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలూ ఉండేవి. తెహ్మీనా కూడా వెంట ఉండేవారు. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్... ఇలా గుడారం ఎత్తడం, గుడారం దించడం. బదిలీల పిల్లలైన మీకు ఈ జీవితం వేరే వివరించనక్కర్లేదు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లో ఉంటూ అదే పని కొనసాగించారు.

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న అడగవచ్చు. ఆ సర్వేల్లో ఆయన పక్షుల్ని తుపాకితో కాల్చి నమూనాలు సేకరించేవారు. కాపాడమని చెప్పే మనిషి చంపడమేమిటి? న్యాయమైన ప్రశ్నే. మంచి కెమెరాలు లేని కాలంలో పిట్టను చేతిలోకి తీసుకోకుండా జాతిని ఖాయంగా చెప్పడం కష్టం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. కొన్ని పిట్టలు చనిపోవడం వేరు, జాతి అంతరించడం వేరు. చచ్చినవాటి చోటును కొత్త పిల్లలు నింపుతాయి. అయితే అవి బతకడానికి చోటు ఉండాలి. నీళ్ళు, గడ్డి, పురుగులు, గూడు పెట్టుకునే చెట్టు పోతే, ఒక్క గుండు పేలకపోయినా జాతి పోతుంది. చోటు సగం పోయిన జాతి మీద వేట కూడా పడితే ఇంకా త్వరగా పోతుంది.

గులాబి తల బాతు కథ అలాంటిదే. గంగా మైదానపు చిత్తడి నేలల్లో, పొడుగాటి గడ్డి మధ్య ఉండే పక్షి. ఆ చిత్తడి నేలలు పొలాలయ్యాయి, మిగిలిన బాతుల్ని వేటగాళ్ళు కాల్చారు. 1930ల తర్వాత అడవిలో దాన్ని చూశామని నమ్మకంగా చెప్పగలిగినవారు లేరు. హిమాలయాల్లో ఉండే ఒక పూరేడు పిట్ట 1876 తర్వాత దొరకలేదు. సలీం అలీ దానికోసం వెతికి ఉత్త చేతులతో వచ్చారు. కానీ కుమావూ తరాయి గడ్డినేలల్లో, అందరూ మరిచిపోయిన ఫిన్ గిజిగాడిని మళ్ళీ కనిపెట్టారు.

భరత్‌పూర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రాజస్థాన్‌లోని ఆ చిత్తడి నేల ఒకప్పుడు మహారాజుల బాతుల వేటకు పెట్టింది పేరు. అక్కడ వేట లెక్కలు చెక్కిన రాతి ఫలకాలు ఇప్పటికీ ఉన్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన రోజు పడిపోయిన పక్షులు 4,273. అదే రోజు సలీం అలీకి 42 ఏళ్ళు నిండాయి. చిత్రమేమిటంటే, మరుసటి చలికాలానికి బాతులు మళ్ళీ వేలల్లో వచ్చాయి. చోటు ఉంది కాబట్టి. స్వాతంత్ర్యం వచ్చాక అసలు ప్రమాదం ఎదురైంది. ఆ నీళ్ళు మళ్ళించి, నేలను పొలాలు చేయాలన్న ఒత్తిడి మొదలైంది. రైతుల ఆకలి కూడా నిజమే. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి ఆ నేలను నిలబెట్టారు. తర్వాత అక్కడ పట్టిన పక్షుల కాళ్ళకు సొసైటీ పేరున్న అల్యూమినియం ఉంగరాలు తొడిగి వదిలితే, కొన్ని ఉంగరాలు సైబీరియాలో దొరికాయి. వలస పక్షికి ఒక ఊరు చాలదు. వేసవి ఊరు, చలికాలం ఊరు, మధ్యలో మజిలీలు అన్నీ బాగుండాలి. భరత్‌పూర్‌కు చలికాలంలో వచ్చే సైబీరియా కొంగలకు మజిలీల్లో వేట తప్పలేదు. 2002 తర్వాత అవి మళ్ళీ రాలేదు.

అదే భరత్‌పూర్‌లో ఇంకొకటి జరిగింది. జీవితచరిత్రల్లో దీన్ని దాటవేస్తుంటారు గానీ, మీకు చెప్పడమే మంచిది. 1982లో అది జాతీయ పార్కు అయినప్పుడు గేదెల మేత ఆపేశారు. ఆపాలన్నవారిలో సలీం అలీ కూడా ఉన్నారు. ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. తర్వాత ఏమైంది? మేసే గేదెలు లేక నీళ్ళలో గడ్డి దట్టంగా అల్లుకుంది. ఈదడానికి, చేపలు పట్టడానికి తెరిపి నీళ్ళు లేక పక్షులు తగ్గాయి. ఈ విషయం తేల్చింది ఎవరో కాదు, సలీం అలీ సొంత సొసైటీయే, ఏళ్ళ తరబడి లెక్కలు రాసి. ఆ ఫలితాలు పూర్తిగా వచ్చేనాటికి ఆయన లేరు. అంత అనుభవం ఉన్న మనిషి అంచనా కూడా తప్పవచ్చు, ప్రకృతిలో ముడులు అలా ఉంటాయి. పక్షి బతుకు గేదె నోటితో ముడిపడి ఉందని ముందుగా ఎవరనుకుంటారు?

ఇక మన ప్రాంతం సంగతి. జాతీయ పక్షిగా బట్టమేక పిట్టను పెట్టాలని సలీం అలీ కోరారు. 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. నెమలి అందగత్తె, సరే. కానీ కాపు అవసరమైనది బట్టమేకకే. పొడి గడ్డిమైదానాల్లో తిరిగే ఆ బరువైన పక్షి సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీద. గడ్డినేలను మనం బంజరు అని కాగితాల్లో రాసుకుంటాం, ఆపైన దున్నేస్తాం. కర్నూలు దగ్గర రోళ్ళపాడులో 1980లలో ఈ పక్షుల మీద సొసైటీ పరిశోధన చేసింది, 1988లో అభయారణ్యమూ వచ్చింది. ఇప్పుడు అక్కడ అవి లేవు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే.

కలివికోడి కథ ఇంకా విచిత్రం. జెర్డాన్ అనే సైనిక వైద్యుడి వల్ల 1848లో లోకానికి తెలిసిన పిట్ట ఇది. 1900లో అనంతపురం వైపు కనిపించాక మళ్ళీ జాడలేదు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. సలీం అలీ మాత్రం వెతకాలన్నారు. సొసైటీ మనుషులు కడప జిల్లాకు వచ్చి పల్లెల్లో బొమ్మ చూపించి అడిగారు. వేటకు వెళ్ళే గ్రామస్థులకు అది తెలిసిన పిట్టే! అది రాత్రిపూట తిరుగుతుంది, పండితులు పగలు వెతికారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో ఒక రాత్రి టార్చి వెలుగులో అది దొరికింది. అప్పటికి సలీం అలీ తొంభైకి దగ్గరవుతున్నారు. ఆ పిట్టకు కావలసింది మరీ దట్టం కాని, మరీ బోడి కాని ముళ్ళపొదల అడవి, పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల. పొదలు నరికి నిమ్మతోట వేసినా, పొదలు కమ్ముకుపోయినా దానికి చోటు లేనట్టే. దానికోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అయినా 2009 ప్రాంతం తర్వాత ఏళ్ళ తరబడి అది ఎవరి కంటా పడలేదు.

బిరుదుల గురించి ఎక్కువ చెప్పను. 1941లో వచ్చిన భారతీయ పక్షుల పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం ఇంకా పెద్ద పని. పద్మభూషణ్, పద్మవిభూషణ్ వచ్చాయి. 1976లో వచ్చిన గెట్టీ బహుమతి సొమ్ములో చాలా భాగం పక్షుల పరిరక్షణ నిధికే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మీలో కొందరికి నచ్చే సంగతి ఒకటుంది: ఆయనకు మోటారుసైకిళ్ళంటే పిచ్చి. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రవేత్తల మహాసభకు పిలిస్తే, తన సన్‌బీమ్ బండిని ఓడలో వేసుకుని యూరప్ తీసుకెళ్ళి దాని మీదే తిరిగారు.

1987 జూన్ 20న సలీం అలీ కన్నుమూశారు. ఆ రోజుల్లో రాబందుల గురించి ఎవరూ బెంగపడేవారు కాదు. ఊరిబయట పశువు చస్తే గంటల్లో ఎముకలు మిగిల్చేవి, అంత ఎక్కువ ఉండేవి. భరత్‌పూర్‌లో సొసైటీ మనిషి ఒకరు అలవాటు ప్రకారం వాటి గూళ్ళను కూడా లెక్కపెట్టి రాశారు. 1990లలో మళ్ళీ లెక్కపెడితే గూళ్ళు ఖాళీ, చెట్ల కింద చచ్చిన రాబందులు. పాత లెక్క లేకపోతే అది ఇంత పెద్ద పతనమని ఎవరూ పోల్చుకోలేకపోయేవారు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ మందు, చచ్చిన పశువు మాంసంలో ఉండిపోయి రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004 నాటికి తేలింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు 1990ల మొదట్లో వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది. హర్యానాలోని పింజోర్‌లో సొసైటీ వాటిని పంజరాల్లో పెంచి గుడ్లు పెట్టిస్తోంది. ఆడ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది.