శత్రువు ముఖం మీద శాతకర్ణి ముద్ర

1906లో ఇప్పటి మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర, జోగల్‌తెంభి అనే ఊళ్లో వెండి నాణేల నిధి ఒకటి బయటపడింది. లెక్క తేల్చితే 13,250కి పైనే ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 2 గ్రాముల బరువు. అన్నీ మొదట నహపానుడు అనే క్షత్రప రాజు పేరుతో తయారైనవే. అయితే వాటిలో 9,270కి పైగా నాణేల మీద మరో రాజు ముద్ర కూడా ఉంది. పాత నాణేన్ని కరిగించకుండా, దాని మీదే కొత్త అచ్చు పెట్టి కొట్టారు. ఒకవైపు కొండలా పేర్చిన కమానుల గుర్తు, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు. రెండోవైపు ఉజ్జయిని గుర్తుగా పిలిచే నాలుగు వలయాల శిలువ. ఆ పేరు గౌతమీపుత్ర శాతకర్ణిది.

తెలుగువారికి ఈ పేరు కొత్త కాదు. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు, 2017లో సినిమాగా చూశారు. ఆయన శకపురుషుడని, మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలున్న చక్రవర్తి అని విన్నారు. కానీ ఆయన జీవితం గురించి గట్టి ఆధారాలు వెతికితే చేతికి దొరికేవి కొద్దే: మూడు నాలుగు గుహ శాసనాలు, నాణేలు. ఆ కొద్దిపాటి ఆధారాల్లో జోగల్‌తెంభి కుండకు ఉన్న విలువ చాలా ఎక్కువ.

రేవు కోసం పోరు

ఆయన ఎప్పటివాడన్న దాని మీదే ఏకాభిప్రాయం లేదు. క్రీ.శ. రెండో శతాబ్దం మొదటి భాగంలో, సుమారు 106 నుంచి 130 దాకా పాలించాడని పాత తరం చరిత్రకారులు లెక్కగట్టారు. మొదటి శతాబ్దం చివరి భాగంలోనే పాలించాడని ఇటీవలి పరిశోధకులు చాలామంది అంటున్నారు. నహపానుడి కాలం నాటి శాసనాల్లో 41 నుంచి 46 దాకా సంవత్సరాల సంఖ్యలున్నాయి. అవి శక సంవత్సరాలా, లేక నహపానుడి సొంత పాలనా సంవత్సరాలా అన్నదే తగువు. శక సంవత్సరాలైతే 46 అంటే క్రీ.శ. 124. కాకపోతే కథ మొత్తం అర్ధ శతాబ్దం వెనక్కి జరుగుతుంది.

ఆయన పుట్టేనాటికి శాతవాహనుల పరిస్థితి బాగా లేదు. గోదావరి ఎగువన ఉన్న నాసిక్, కనుమల్లోని కార్లే, జున్నార్ వంటి ముఖ్యమైన చోట్లు క్షహరాట వంశపు నహపానుడి చేతికి పోయాయి. నహపానుడి అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహల్లో చెక్కించిన దాన శాసనాలే ఇందుకు సాక్ష్యం. ఊళ్లు, పొలాలు, సత్రాలు, బౌద్ధ భిక్షువులకు గుహ, వేల కార్షాపణాల ధర్మనిధి. సొంత నేల అనుకుంటే తప్ప ఎవరూ ఇన్ని దానాలు చేయరు.

పోయింది నేల ఒక్కటే కాదు. ఆ రోజుల్లో రోము సామ్రాజ్యంతో పడమటి తీరపు వ్యాపారం జోరుగా సాగేది. గ్రీకు నావికుడెవరో రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథం ఆ సంగతులు చెబుతుంది. శాతవాహనుల పైఠాన్ నుంచి, తగర నుంచి సరుకు బళ్ల మీద రోజుల తరబడి ప్రయాణించి బరుకచ్ఛ రేవుకు చేరేది. ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్ అది. అప్పట్లో క్షత్రపుల అధీనంలో ఉంది. రోమన్ బంగారు, వెండి నాణేలను అక్కడి డబ్బుతో మార్చుకుంటే లాభం వచ్చేదని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఒకప్పుడు సవ్యంగా నడిచిన కల్యాణ్ రేవుకు ఆటంకాలు వచ్చాయని, పొరపాటున అక్కడ ఆగిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి బరుకచ్ఛకు పంపేవారని అందులో ఉంది. రేవు ఎవరిదైతే సుంకం వారిదే, వెండి వారిదే.

నహపానుడి నాణేలకు వెండి అక్కడి నుంచే వచ్చిందని, రోమన్ దినారియస్‌లను కరిగించి వాటిని తయారు చేశారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నాణెం మీద రాజు ముఖం వేయడం, చుట్టూ గ్రీకు అక్షరాలు చెక్కడం కూడా ఆ సంబంధాలనే గుర్తుచేస్తాయి.

పద్దెనిమిదో ఏడు

శాతకర్ణి తన పాలనలో 18వ సంవత్సరంలో దెబ్బ తీశాడు. నాసిక్ గుహలో ఆ ఏటి శాసనం ఉంది. విజయం సాధించిన సైన్యం విడిది నుంచే రాజు గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితుడికి ఆజ్ఞ పంపాడు. అప్పటిదాకా ఉషవదాతుడి అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని అక్కడి భిక్షువులకు ఇమ్మని ఆ ఆజ్ఞ సారాంశం. అదే ఏడు కార్లే భిక్షువులకు కూడా ఒక ఊరిని దానంగా స్థిరపరిచాడు. ఆ ఊరిని అంతకుముందు వారికిచ్చింది కూడా ఉషవదాతుడే. దాత మారాడు, దానం ఆగలేదు. యుద్ధం గెలిచిన రాజు ముందుగా చేసింది, పాలకుడు మారినా మీకు భయం లేదని జనానికి తెలియజేయడం.

ఆరేళ్ల తర్వాత, 24వ ఏట, మరో ఆజ్ఞ వెలువడింది. ఇది ఆయన జీవితంలోని చిన్న ఘటనే, కానీ యుద్ధాలకన్నా ఎక్కువ చెబుతుంది. భిక్షువులకు ఇచ్చిన పొలం సాగులో లేదు, ఊళ్లో జనం లేరు. కాగితం మీద దానం ఉంది గానీ గింజ రాలడం లేదన్నమాట. ఈ సంగతి రాజు దాకా వచ్చింది. దాని బదులు పట్టణం పొలిమేరలో ఉన్న రాచభూమిలో 100 నివర్తనాలు ఇవ్వమని అమాత్యుడు శ్యామకుడిని ఆదేశించారు. ఈ ఆజ్ఞ రాజు ఒక్కడి పేరున లేదు, ఆయన తల్లి పేరున కూడా ఉంది. తల్లి గౌతమీ బాలశ్రీ పాలనలో పాలుపంచుకున్నదని చెప్పడానికి ఇదే రాతి ఆధారం.

రోములో గెలుపు, గోదావరి గట్టున గెలుపు

యుద్ధ విజయాన్ని నాణెం మీదికి ఎక్కించడంలో రోమన్లను మించినవారు లేరు. ఈజిప్టు గెలిచాక ఆగస్టస్ మొసలి బొమ్మతో వెండి నాణేలు వేయించాడు. క్రీ.శ. 70లో జెరూసలేం పడిపోయాక వెస్పాసియన్ వేయించిన నాణేల మీద ఖర్జూర చెట్టు కింద ఏడుస్తూ కూర్చున్న స్త్రీ కనిపిస్తుంది. ఆమె ఓడిన యూదయ దేశానికి గుర్తు. 116లో పార్థియా మీద గెలుపును ట్రాజన్ అలాగే చాటుకున్నాడు. రోమన్ విజయ నాణేలంటే ప్రపంచమంతటా సేకర్తలు ఇప్పటికీ పడిచస్తారు. ఒక్కో నాణెం ఒక్కో యుద్ధ ప్రకటన.

శాతకర్ణి పద్ధతి వేరు. యుద్ధం బొమ్మ లేదు, బందీ లేడు, గెలిచానన్న మాట కూడా లేదు. శత్రువు నాణేన్నే తీసుకుని దాని మీద తన గుర్తు కొట్టించాడు. తొందర పనో, అచ్చు సరిగా దిగకో, చాలా నాణేల మీద పాత ముఖం పూర్తిగా చెరిగిపోలేదు. కొండ గుర్తు అంచున నహపానుడి ముక్కు, గ్రీకు అక్షరాల తునక, వెనకవైపు బాణం మొన ఇంకా కనిపిస్తాయి. ఓడినవాడు, గెలిచినవాడు ఒకే నాణెం మీద ఉన్నారు.

ఇందులో గర్వం ఎంత ఉందో అవసరం కూడా అంతే ఉంది. సంతలో జనం ఆ వెండికి, ఆ బరువుకు అలవాటుపడ్డారు. మొత్తం కరిగించి కొత్తగా పోతపోయడానికి సమయం, ఖర్చు పడతాయి. ముద్ర మార్చితే డబ్బు చలామణీ ఆగదు, పాలకుడు మారాడన్న కబురు ప్రతి చేతికీ అందుతుంది.

కుండ చెప్పిన సాక్ష్యం

జోగల్‌తెంభి నాణేలను రెవరెండ్ హెచ్.ఆర్. స్కాట్ పరిశీలించి వివరాలు ప్రచురించాడు. నహపానుడి ముఖం అన్ని నాణేల మీదా ఒకేలా లేదని, వయసు, పోలికలు మారుతున్నాయని ఆయన గమనించాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి నాణేల లెక్కలో ఉంది. వేల నాణేలున్న ఆ నిధిలో నహపానుడు, శాతకర్ణి తప్ప మూడో రాజు లేడు. అంటే వారిద్దరి మధ్య ఆ ప్రాంతాన్ని మరెవరూ పాలించలేదు. శాతకర్ణి ఓడించింది నహపానుడి మనవడినో, వారసుడినో కాదు, బహుశా నహపానుడినే.

ఒక్క నాణెం చూసి ఈ మాట చెప్పలేం. పది చూసినా చెప్పలేం. కుండలో ఏమున్నాయన్నదే కాదు, ఏమి లేవన్నది కూడా తెలిస్తేనే ఈ సాక్ష్యం నిలుస్తుంది. నిధి చెదిరిపోకముందే ఎవరో కూర్చుని లెక్కపెట్టారు కాబట్టి అది మనకు దక్కింది.

తల్లి చెక్కించిన జీవితం

శాతకర్ణి గురించి మనకు తెలిసిన గొప్ప వర్ణన ఆయన పోయిన తర్వాత వచ్చింది. మనవడు పులుమావి పాలనలో 19వ ఏట బాలశ్రీ నాసిక్ కొండలో భిక్షువుల కోసం గుహ తొలిపించి, కొడుకు గురించి పొడవైన ప్రాకృత శాసనం చెక్కించింది. శకులను, యవనులను, పహ్లవులను నాశనం చేశాడని, క్షహరాట వంశాన్ని వేళ్లతో పెకలించాడని, కోల్పోయిన శాతవాహనుల కీర్తిని నిలబెట్టాడని అందులో ఉంది. ధర్మం తప్పని పన్నులే వేశాడని, తప్పు చేసిన శత్రువునైనా చంపడానికి ఇష్టపడేవాడు కాదని, తల్లి మాట జవదాటలేదని కూడా ఉంది. నాలుగు వర్ణాలు కలవకుండా ఆపాడని పొగడ్త ఉంది. అదే ఇంట్లో బౌద్ధులకు దానాలూ ఉన్నాయి.

కొడుకును పోగొట్టుకున్న తల్లి మాటల్లో అతిశయం ఉండడం సహజం. అయితే అందులోని ముఖ్యమైన మాట, క్షహరాటుల ఓటమి, నిజమని తేల్చింది జోగల్‌తెంభి వెండే. మిగతా పొగడ్తలకు అంత గట్టి తోడు దొరకలేదు.

ఆ గెలుపు శాశ్వతం కాలేదు. కర్దమక వంశపు క్షత్రపులు బలపడ్డారు. శాతకర్ణి అనే దక్షిణాపథ రాజును రెండుసార్లు ఓడించానని, దగ్గరి బంధువు కాబట్టి పూర్తిగా నాశనం చేయలేదని రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు. ఈ శాతకర్ణి గౌతమీపుత్రుడి తర్వాతి తరంవాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. క్షత్రపుల ఆడపడుచు శాతవాహనుల ఇంటి కోడలైందని కన్హేరి శాసనం చెబుతోంది. ఆ తర్వాతి శాతవాహనులు వెండి నాణేల మీద తమ ముఖాలు వేయించుకున్నారు. అది క్షత్రపుల పద్ధతే. ముఖం మీద ముద్ర కొట్టిన వంశం చివరికి ఆ ముఖపు నాణేన్నే ఒరవడిగా తీసుకుంది.

ఆయన మనవాడేనా

తెలుగు నేలతో ఆయన సంబంధం మీద చర్చ ఇంకా నడుస్తోంది. పురాణాలు ఈ వంశాన్ని ఆంధ్రులన్నాయి. వారి సొంత శాసనాల్లో ఆ మాట లేదు. బాలశ్రీ చెప్పిన దేశాల జాబితాలో అసిక, అస్మక, మూలక, సురాష్ట్ర, విదర్భ వంటివి ఉన్నాయి, ఆంధ్ర పేరు లేదు. అమరావతిలో శాసనం దొరికింది కొడుకు పులుమావిది. మరోవైపు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికులు ఏరి దాచిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివినప్పుడు, వంశానికి మూలపురుషుడైన సిముకుడి పేరు కనిపించింది. వంశం పుట్టుక తెలంగాణలోనే అన్న వాదనకు అదే బలం. శాలివాహన శకం సంగతీ ఇలాంటిదే. క్రీ.శ. 78లో మొదలైన ఆ లెక్కను వాడింది శకులు, శాలివాహనుడి పేరు మధ్యయుగంలో వచ్చి చేరింది. గౌతమీపుత్రుడు మాత్రం తన పాలనా సంవత్సరాలనే లెక్కపెట్టుకున్నాడు.

ఈ చర్చలన్నీ తేలాల్సింది ఉపన్యాసాల్లో కాదు, మట్టిలో దొరికే వాటితో. నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిధిలో 1,531 రోమన్ వెండి నాణేలు లెక్కకు అందాయి కాబట్టి ఆ వ్యాపారం మన పల్లెల దాకా వచ్చిందని తెలిసింది. ఛత్తీస్‌గఢ్‌లో మహానది ఒడ్డున బాల్‌పూర్ దగ్గర దొరికిన రాగి నాణెం వల్లే పురాణాల్లోని అపీలకుడు నిజంగా ఉన్నాడని తేలింది.

నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువులని, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదని 1972 చట్టం చెబుతోంది. అయినా పొలంలో దొరికిన కుండ నేరుగా కంసాలి మూసలోకి పోతే చెప్పేవారు ఉండరు. నాలుగు నాణేలుగా విడగొట్టి అమ్మితే ఒక్కోదానికి ధర వస్తుంది, కథ మాత్రం పోతుంది. నహపానుడి ముఖం మీద శాతకర్ణి ముద్ర ఉన్న నాణెం ఒకటి ఇవాళ ఏ సేకర్త పెట్టెలోనైనా ఉండొచ్చు. ఆ రాజు జీవితంలోని ఒక్క యుద్ధమైనా మనకు నమ్మకంగా తెలిసిందంటే, 13 వేల నాణేలను ఒకచోట పెట్టి ఓపికగా లెక్కపెట్టినవారి పుణ్యమే.