టర్నరు నేర్చిన సముద్రము

చిత్రలేఖనపు తరగతిలో మరియొకరి చిత్రమును చూచి గీసిన పిల్లవానిని మందలించు ఉపాధ్యాయులు కలరు. అట్టివారు ఆంగ్ల చిత్రకారుడగు టర్నరు చరిత్రమును తప్పక తెలిసికొనవలెను.

జోసఫ్ మాలర్డ్ విలియమ్ టర్నరు 1775లో లండను నగరమున జన్మించెను. తండ్రి క్షురకుడు, విగ్గులు కూడ కట్టెడివాడు. కుమారుడు గీసిన బొమ్మలను తన అంగడిలో వ్రేలాడగట్టి, కొద్దిపాటి షిల్లింగులకు అమ్ముచుండెను. 1789లో, పదునాలుగవ యేట, బాలుడు రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. ఆ కాలమున అచట రేఖాచిత్రణమే బోధించెడివారు. తైలవర్ణములను వాడు విధమును చెప్పెడివారు కారు. ఆ విద్యను ఇతరుల చిత్రములనుండియే గ్రహింపవలసి వచ్చెను.

డాక్టరు మన్రో అను వైద్యుడు సాయంకాలములందు పడుచు చిత్రకారులను తన యింటికి పిలిచి, పూర్వుల చిత్రములకు ప్రతులు వ్రాయించెడివాడు. గర్టిన్ అను సమవయస్కుడు రేఖలు గీయగా టర్నరు రంగులు పూసెడివాడు. కూలిగా లభించినది కొద్ది పైకము, రాత్రి భోజనము.

అవి నీటిరంగులు. వానిలో కాగితపు తెలుపే వెలుగు. తైలచిత్రమున వెలుగును గూడ రంగుతోనే తేవలెను. చీకటి పొరలను ముందు పరచి, అవి ఆరువరకు ఓపికపట్టి, పలుచని పొరలు పూసి, తుదకు చిక్కని తెలుపు నుంచవలెను. టర్నరు 1796లో ప్రదర్శించిన తొలి తైలచిత్రమున ఈ శ్రమ యంతయు కనబడును. రాత్రి సముద్రము, పైన చల్లని చంద్రుడు, అలలపై ఊగు పడవలో ఎఱ్ఱని లాంతరు. ఫ్రెంచివాడగు వెర్నే వ్రాసిన వెన్నెల సముద్రముల ఫక్కి యిది. కాని దూరమున తోచు శిలలు వైట్ ద్వీపపుటంచునగల నీడిల్సు; వానిని ముందటి యేడే టర్నరు స్వయముగా చూచి వచ్చెను. అవి సుద్దశిలలు, మన కరణ్‌కోటలో సిమెంటునకై త్రవ్వు సున్నపురాతికి దాయాదులే! తాండూరు ప్రాంతపు విద్యార్థికి సముద్రము క్రొత్త గావచ్చును గాని, వెన్నెలలో రాయి తెల్లబారుట క్రొత్త కాదు.

అసలు పరీక్ష తరువాత వచ్చెను. బ్రిడ్జివాటరు ప్రభువు కడ డచ్చి చిత్రకారుడగు వాన్ డె వెల్డె వ్రాసిన సముద్రచిత్ర మొకటి యుండెను. దానికి జోడుగా మరియొకటి వ్రాయుమని ప్రభువు టర్నరును కోరెను. 1801లో ప్రదర్శితమైన ఆ చిత్రమున టర్నరు పాత కూర్పును అద్దములోవలె తలక్రిందు గాక, కుడియెడమలుగా త్రిప్పివేసెను. గాలిని హెచ్చించెను, రెండు పడవలు ఢీకొనబోవు క్షణమును పట్టెను. శ్రీహర్షుని నైషధము శ్రీనాథుని చేతిలో తెనుగు కావ్యమైనట్లు, డచ్చివాని అలలు టర్నరువయ్యెను. మరుసటి యేడే, 26 యేండ్ల ప్రాయమున, అకాడమీ అతనిని పూర్ణసభ్యునిగా ఎన్నుకొనెను.

అయినను గురుత్వము నాతడు మరువలేదు. యౌవనమున క్లాడ్ లొరేను వ్రాసిన రేవుపట్టణపు చిత్రము నెదుట నిలిచి, తాను ఎన్నటికి నిట్లు వ్రాయజాలనని కంట తడిపెట్టెనని చెప్పుదురు. 1815లో ఆ ఫక్కిని కార్తేజి నగరనిర్మాణమును చిత్రించి, దానిని అమ్మక తనకడనే యుంచుకొనెను. 1851లో మరణించిన పిదప అతని వీలునామా విప్పి చూడగా, ఆ చిత్రమును లండను జాతీయ చిత్రశాలకు వ్రాసియుంచినట్లు తేలెను. షరతు ఒక్కటే: దానిని క్లాడ్ చిత్రము ప్రక్కనే వ్రేలాడదీయవలెను. చిత్రశాలవారు అందుల కంగీకరించిరి.