కళ్లు లేకున్నా లెక్క తప్పలేదు.. నంద్యాల సభతో వెలుగులోకి వచ్చిన గణిత అవధాని లక్కోజు సంజీవరాయశర్మ

రెండును రెండుతో 103 సార్లు హెచ్చవేస్తే ఎంత? మీ ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌ని అడిగి చూడండి. చాలా ఫోన్లు మొత్తం అంకెలు చూపించలేవు. మొదటి కొన్ని అంకెలు చూపించి మిగతాది కుదించేస్తాయి. ఎందుకంటే ఆ జవాబులో 32 అంకెలున్నాయి. 1966లో హైదరాబాద్‌లో జరిగిన ఒక అవధానంలో ఇదే ప్రశ్న వేస్తే, కాగితం, కలం లేకుండా ఆ 32 అంకెలూ నోటితో చెప్పేశారు ఒకాయన. ఆయన పుట్టుకతోనే అంధుడు. పేరు లక్కోజు సంజీవరాయశర్మ. సీమ బిడ్డ. ఆయన తొలి ప్రదర్శనకు వేదికైంది మన నంద్యాలే.

అక్క చదివితే విన్నాడు

సంజీవరాయశర్మ 1907 నవంబర్ 22న కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పలక మీద అంకె ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. చూపు లేని పిల్లాడిని కూర్చోబెట్టి చదువు చెప్పే బడి ఆ రోజుల్లో ఆ పల్లెలో ఎక్కడుంటుంది? అక్క బడికి వెళ్లొచ్చి పాఠాలు పైకి చదువుకునేది. పక్కనే కూర్చుని తమ్ముడు వినేవాడు. ఎక్కాలు, కూడికలు, హెచ్చవేతలు.. అన్నీ అలా చెవిలో పడ్డవే. ఒకసారి విన్నది మళ్లీ మరిచేది లేదు.

ఊళ్లో రైతులు ధాన్యం ధరలు, కొలతల లెక్కలకు ఈ పిల్లాడి దగ్గరికే వచ్చేవారని చెబుతారు. ఇన్ని బస్తాలు, బస్తా ఇంత, మొత్తం ఎంత అని అడిగితే చాలు, జవాబు వచ్చేసేది. లెక్కలతో పాటు ఆయనకు దక్కిన రెండో తోడు వయొలిన్. అదీ చెవితో నేర్చిన విద్యే.

1928 నవంబర్.. నంద్యాల

డోన్, ఆళ్లగడ్డ, నంద్యాల ఇప్పుడు ఒకే జిల్లా. 1928లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండే కర్నూలు జిల్లా. ఆ ఏడాది నవంబర్‌లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా పెట్టారు. నిజాం 1800లో ఈ జిల్లాలను ఇంగ్లిష్ వాళ్లకు అప్పగించాడు కాబట్టి అప్పటిదాకా వీటిని దత్తమండలాలు అనేవారు. ఆ పేరు వద్దు, రాయలసీమ అందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది ఈ సభలోనే. సీమకు పేరొచ్చిన సభగా అది చరిత్రలో నిలిచింది.

అదే సందర్భంలో దాదాపు 21 ఏళ్ల సంజీవరాయశర్మ జనం ముందుకొచ్చారు. సాహిత్యంలో అవధానం అప్పటికే తెలుగువాళ్లకు బాగా తెలుసు. ఇక్కడ పద్యాల బదులు లెక్కలు. సభలో ఎవరైనా ఏ ప్రశ్నైనా వేయొచ్చు. జవాబు అక్కడికక్కడే చెప్పాలి. ఈ కుర్రాడు చెప్పాడు. అక్కణ్నుంచి ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఊరూరా తిరిగి దాదాపు ఆరు వేల అవధానాలు చేశారని చెబుతారు. చేతిలో వయొలిన్, కళ్లకు నల్లద్దాలు. ఇదీ సభల్లో ఆయన రూపం.

వారం ఎలా చెప్పేవారు?

ఆయన అవధానాల్లో జనాన్ని బాగా ఆకట్టుకున్న అంశం తేదీలు. పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవారు. ఇందులో మాయేం లేదు, లెక్కే ఉంది. ఏడాదికి 365 రోజులు. అంటే 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుకే అదే తేదీ మరుసటి ఏడాది ఒక వారం ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు జరుగుతుంది.

ఆయన పుట్టినరోజుతోనే చూద్దాం. 1907 నవంబర్ 22 శుక్రవారం. 1928 నవంబర్ 22 ఏ వారం? మధ్యలో 21 ఏళ్లు, 6 లీపు రోజులు. మొత్తం 27. ఏడుతో భాగిస్తే శేషం 6. శుక్రవారం నుంచి ఆరు రోజులు లెక్కపెడితే గురువారం. అంతే! ఈ దారి ఎవరైనా నేర్చుకోవచ్చు. సభలో వందల మంది చూస్తుండగా క్షణాల్లో తప్పు లేకుండా చెప్పడమే కష్టం.

పదో తరగతి లెక్కతో పోలిస్తే..

మరి మామూలు పిల్లలకు ఇది పనికొస్తుందా? పదో తరగతి వర్గ సమీకరణాలే తీసుకోండి. ఒక ఇంటి స్థలం పొడవు, వెడల్పు కంటే 5 గజాలు ఎక్కువ. మొత్తం 150 చదరపు గజాలు. కొలతలెంత? కారణాంక పద్ధతి అంటే ఇక్కడ చేసేది ఒక్కటే. గుణిస్తే 150, తేడా 5 వచ్చే రెండు సంఖ్యలు వెతకాలి. 10, 15. నోటితోనే తేలిపోయింది.

అదే స్థలం 149 చదరపు గజాలైతే? అలాంటి పూర్ణ సంఖ్యలు దొరకవు. చాలామంది పిల్లలు పెన్ను కింద పెట్టేసేది ఇక్కడే. అప్పుడు వర్గం పూర్తి చేయాలి. 5లో సగం 2.5. దాని వర్గం 6.25. దాన్ని 149కి కలిపితే 155.25. ఇప్పుడు దీని వర్గమూలం కావాలి. 12.5 వర్గం 156.25 అని తెలిస్తే చాలు. మనకు కావాల్సింది దానికంటే 1 తక్కువ. ఆ 1ని 12.5కి రెట్టింపైన 25తో భాగిస్తే 0.04. 12.5లోంచి అది తీసేస్తే సుమారు 12.46. అందులోంచి 2.5 తీసేస్తే వెడల్పు 9.96 గజాలు. పొడవు 14.96. హెచ్చవేసి చూసుకోండి, దాదాపు 149 వస్తుంది.

శ్రీధరాచార్యుడి పేరు మీద మన పాఠ్యపుస్తకాల్లో చెప్పుకునే సూత్రం కూడా ఈ దారినే వెళ్తుంది. సూత్రం బట్టీ పట్టినా చివరికి వర్గమూలం దగ్గరే ఆగాలి. ఆ మూలాన్ని మనసులో అంచనా కట్టడం వస్తే సూత్రం భయపెట్టదు. గణిత అవధానుల సాధన అంతా ఇలాంటి చోటే. దగ్గర్లో తెలిసిన సంఖ్య పట్టుకోవడం, తేడా సరిదిద్దుకోవడం.

ఆ 32 అంకెలు ఇవే

మళ్లీ హైదరాబాద్ ప్రశ్నకు వద్దాం. రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1024. దాన్ని పదిసార్లు హెచ్చవేసి, ఆపై 8తో గుణిస్తే జవాబు 10141204801825835211973625643008. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసే పాత కథలో మొత్తం గింజల సంఖ్యకు 20 అంకెలే. ఇది దానికంటే 12 అంకెలు ఎక్కువ. సంజీవరాయశర్మ దీన్ని ఏ మెట్టు మీదుగా చేరారో చెప్పలేం కానీ, మధ్యలో వచ్చే ప్రతి పెద్ద సంఖ్యనూ రాసుకోకుండా గుర్తుపెట్టుకోవాల్సిందే.

శ్రీకాళహస్తిలో చివరి రోజులు

పేరైతే వచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. జీవితం చివర్లో శ్రీకాళహస్తిలో ఉన్నారు. 1997 డిసెంబర్ 2న 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తన పద్ధతులను వరసగా పాఠాలుగా అందించే ఏర్పాటు మాత్రం ఆయన ఉన్నప్పుడు జరగలేదు. ఆరు వేల సభల్లో చప్పట్లు మోగాయి. ఆ లెక్కల దారి ఆయనతోనే చాలావరకు వెళ్లిపోయింది.

ఇవాళ బ్రెయిలీ పుస్తకాలున్నాయి. ఫోనే పాఠం చదివి వినిపిస్తుంది. అయినా చూపు లేని పిల్లలకు లెక్కలెందుకులే, వేరే సబ్జెక్ట్ తీసుకోమనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట అనే ముందు కల్లూరులో అక్క పక్కన కూర్చుని విన్న తమ్ముడిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ ఇంట్లో ఎవరూ ఆయన కోసం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. పాఠం కాస్త పైకి చదివారు, అంతే.