ఎడ్వర్డు లారీ: లెక్కలో చేరని చలరాశి

పాతబస్తీనుండి నయాపూలు దాటి మూసీ యావలి గట్టు చేరినవారికి ఉస్మానియా ఆసుపత్రి గోపురములు కానవచ్చును. ఆ ప్రాంతముననే పూర్వము అఫ్జల్‌గంజు ఆసుపత్రి యుండెను; 1908 వరదలో అది నాశనమయ్యెను. అచట పనిచేసిన శస్త్రవైద్యుడు ఎడ్వర్డు లారీ చరిత్ర గణాంకశాస్త్రమున ఓనమాలు దిద్దువారికి మంచి పాఠమని మేము తలచుచున్నాము.

లారీ ఎడింబరోలో సైము అనువానికి శిష్యుడు. 1847లో ఆ నగరముననే సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి యేడాదినుండియే ఆ మత్తువలన మరణములు సంభవింప నారంభించెను. గుండె యాగుటయే కారణమని కొందరు, ఊపిరి యాగుటయే కారణమని సైము పక్షమువారు వాదించిరి. హైదరాబాదు వైద్యపాఠశాల కధిపతియైన లారీ 1888లో కుక్కలపై పరీక్షలు జరిపి, ఊపిరియే ముందాగునని తేల్చెను. లాన్సెట్ పత్రిక సందేహించెను. అంతట నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటను పండితుని రప్పించెను. బాంఫర్డు, మన రుస్తుంజీ హకీము సహచరులైరి. 1889లో 400 పైచిలుకు జంతువులను పరీక్షించిరి. ఫలితము మారలేదు, బ్రంటను సైతము తన పూర్వాభిప్రాయమును విడిచెను. మత్తిచ్చువాడు ఊపిరినే కనిపెట్టవలె, నాడితో పనిలేదని లారీ శాసించెను.

పరిశోధకుడు తానై మార్చు అంశము స్వతంత్ర చలరాశి. దానిననుసరించి మారునది పరతంత్ర చలరాశి. ఇచట మొదటిది క్లోరోఫారము మోతాదు. రెండవది ఊపిరి, గుండెలలో ఏది ముందాగుననునది. పరీక్షకు గైకొన్న జంతువులు నమూనా. ఇవిగాక ఫలితమును తారుమారు చేయగల మూడవ రాశి యొకటి మరుగున నుండవచ్చును. భయపడిన రోగి మత్తు పూర్తిగా పట్టక పెనుగులాడునప్పుడు దేహమున అడ్రినలిను ఉబుకును. 1911లో ఇంగ్లండున లెవీ అను వైద్యుడు పిల్లులను పరీక్షించి, తేలికమత్తులో అడ్రినలిను తోడైనచో గుండె క్రమము తప్పి యదరి, హఠాత్తుగ నాగునని నిరూపించెను.

లారీ కాలమున అడ్రినలిను ఎవరును వేరుచేసి యెరుగరు. కావున తెలియమి ఆయన నేరము కాదు. తన లెక్కలో కనబడని దానిని లోకముననే లేదనుట ఆయన దోషము. అదే నమూనాను నాలుగు వందలకు పెంచినను, నాలుగు వేలకు పెంచినను, లోపించిన చలరాశి దానంతట వచ్చి చేరదు. నాడి చూడనక్కరలేదన్న మాట నమ్మినచోట మూల్యము చెల్లించునది బల్లపై పరుండిన రోగియే.

ప్రజాధనముతో జరిగిన ఆ పరిశోధన వృథాయని మేమనము. ఊపిరిని కనిపెట్టుట నేటికిని మత్తువైద్యమున మొదటి నియమము. కాని ఎవరేని పెద్ద అంకె చూపి నోరు మూయింప జూచినప్పుడు, ఎన్ని లెక్కించితిరని మాత్రమే గాక, దేనిని లెక్కింపక విడిచితిరని కూడ పౌరుడు అడుగవలెను.