రూజ్వెల్టు రక్తపుపోటు

కాళ్లు చచ్చుబడిన మనిషి ఒక మహాదేశాన్ని పన్నెండేండ్లు నడిపించిన కథ లోకమెరిగినదే. 1882లో హైడ్ పార్కులో జన్మించిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 39వ యేట వ్యాధిగ్రస్తుడై నడక కోల్పోయినాడు. అయినా 1933లో అమెరికా అధ్యక్షుడైనాడు. నాలుగు పర్యాయాలు ఎన్నికైనాడు.

ఆయనను కబళించినది మాత్రం ఆ వ్యాధి కాదు. 1944 మార్చిలో హృద్రోగ నిపుణుడు బ్రూయెన్ పరీక్షించేనాటికి గుండె పెరిగి అలసిపోయి ఉన్నది, రక్తపుపోటు 186/108. వయసుతో పోటు హెచ్చుట సహజమేనని నమ్మిన వైద్యులు ఆ రోజులలో తక్కువ కాదు. దానిని గట్టిగా తగ్గించే మందులూ లేవు. డిజిటాలిస్ ఇచ్చినారు, ఉప్పూ, సిగరెట్లూ తగ్గించినారు. తాను మింగే మాత్రలెందుకో రూజ్వెల్టు అడుగనేలేదట! ప్రజలకేమో అధ్యక్షుడు కులాసాగా ఉన్నాడనే చెప్పినారు. యుద్ధకాలమని సమాధానం చెప్పుకొన్నా, ఆ దాపరికం మనసుకు రుచించదు.

1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఎదుట కూర్చుని ఉండగా తల వెనుక విపరీతమైన నొప్పి అన్నాడు; స్పృహ తప్పినది. పోటు 300 దాటినది. మెదడులో రక్తస్రావమై ఆ మధ్యాహ్నమే కన్నుమూసినాడు. వైద్యులు ఏడాదిగా కాపాడుతూ వచ్చినది గుండెను. మృత్యువు వచ్చినది మెదడులో.

1948లో ట్రూమన్ జాతీయ హృదయ చట్టంపై సంతకం చేసినాడు. ఆ యేడే ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో హృద్రోగ పరిశోధన ఆరంభమైనది. 5,209 మంది స్త్రీపురుషులు అందులో చేరినారు. పక్షవాతానికి రక్తపుపోటే ముఖ్యహేతువని 1970లో వారి లెక్కలే తేల్చినవి. చికిత్స లేక ఏండ్ల తరబడి పోటు హెచ్చుగా ఉన్నవారికి ముదిమిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత సన్నగిల్లుచున్నవని 1993లో అదే పట్టణం నుండి తెలియవచ్చినది.